జీడిపిక్కల చుట్టూ

ఇంగ్లండులో పాతకాలపు నవలా రచయిత్రి ఒకావిడ, సాయంత్రాలు చెల్లెళ్లతో కలిసి భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ నవలల గురించి మాట్లాడుకునేదట. చెల్లెళ్లు చనిపోయాక ఒక్కతే తిరిగేదట. అది చదివి అక్కా నేనూ కదిలిపోయాం. మా ఇంట్లో అలాంటి బల్ల లేదు కనుక, పెరట్లో ఎండబోసిన జీడిపిక్కల చుట్టూ తిరుగుతూ నా నవల అల్లేవాళ్లం.

"ఊరికే తిరిగీకన్నా కాళ్లతో పిక్కలు కలబెట్టండే," అనేది అమ్మ. ఆవిడ దృష్టిలో సాహిత్య ప్రయోజనం అదే.

అక్కకు విశాఖలో ఉద్యోగం వచ్చింది. నిన్న పలాసలో రైలెక్కించాం. ఇవాళ ఒక్కదాన్నే తిరుగుతుంటే కథ కదలలేదు. వినేవాళ్లు లేకపోతే నాకు మాట పుట్టదు. నవల ఇక్కడితో ఆగిపోతుందేమోనని భయం. కూర్చుందామంటే కాలు నిలవదు. ఆ ఇంగ్లండు ఆవిడలా మిగిలిపోయానని ఏడవబోయాను. అక్క బతికే ఉందని, హాస్టల్ ఇడ్లీని పొద్దుటి నుంచీ మెసేజుల్లో తిడుతోందని గుర్తొచ్చి మానేశాను.

అమ్మ చేట కిందపెట్టి నా పక్కన నడవడం మొదలెట్టింది.

"ఆ పిల్ల రైలు దిగిందేటే?"

"అక్కా? నిన్ననే దిగింది కదమ్మా."

"అక్క కాదే, నీ కతలో పిల్ల. మొన్న రైలెక్కించి ఒగ్గేసినారు కదా."

"ఇంకా దిగలేదు."

"అయితే సెప్పు. దాని పక్కన ఎవులు కూకున్నారు?"