గూటిలో లూపు

లూపు మేస్త్రి వైరు లాగిన ఇల్లేదో చూడగానే చెప్పెయ్యొచ్చు. గోడ మీద తిన్నగా వచ్చిన వైరు, బోర్డులోకి దూరబోయే ముందు జానెడున్నర కిందికి వేలాడి మళ్లీ పైకి లేస్తుంది. అదే లూపు. వాన పడితే నీళ్లు బోర్డులోకి పోకుండా అక్కడే కారిపోతాయని అందరికీ చెబుతాడు. అసలు కారణం వేరే. "రేపు ఎవడో రిపేరుకొస్తాడు. వైరు చాలకపోతే నన్ను తిట్టుకోడూ? తర్వాత వచ్చేవాడి కోసం ఓ జానెడు వదిలితే మన సొమ్మేం పోయింది?" అంటాడు. ముప్పై అయిదేళ్లు స్తంభాలూ మేడలూ ఎక్కుతూ ఆ జానెడు వదులుతూనే వచ్చాడు. అసలు పేరేమిటో ఇరుగుపొరుగు ఎప్పుడో మర్చిపోయారు.

ఆ లూపంటే ఒళ్లు మండేది ఒక్క కూతురికే. ఆ అమ్మాయీ ఈ పనే నేర్చుకుని, మేడల మీద కెమెరాలు బిగించే కంపెనీలో నాలుగేళ్లుగా చేస్తోంది. తాళ్లు కట్టుకుని పదో అంతస్తు అంచున వేలాడి పనిచెయ్యడానికి అనుమతి కార్డు కూడా సంపాదించింది. మేస్త్రి మాత్రం ఆ కార్డు వంక కన్నెత్తి చూసిన పాపాన పోలేదు.

"గోడ మీద పాము వేలాడుతున్నట్టుంటుంది నాన్నా. ఇప్పుడెవరూ అలా వదలరు. కొలుచుకుని కత్తిరిస్తాం."

"కొలతలు మారవా?"

"మారితే కొత్త వైరు వేస్తాం."

"అప్పుడు మళ్లీ ఎక్కేవాడి మోకాళ్లు నువ్విస్తావా?"

కంచాల ముందు కూర్చుంటే చాలు, ఇదే గొడవ. మధ్యలో మేస్త్రి భార్య, "లూపు తింటారా, అన్నం తింటారా?" అని గరిటెతో కంచం మీద టంగుమని కొట్టేది.

పోయిన చలికాలంలో అడవిశాఖ నుంచి పక్షుల పని చూసే ఆఫీసరమ్మ వచ్చింది. అడవి నడిమధ్య ఎనభై అడుగుల చెట్టు మీద నల్ల కొంగల గూడుందట. అవి మనుషుల పొడ గిట్టని పక్షులు. వలసపోయి ఉన్నాయి కాబట్టి, తిరిగొచ్చేలోగా పైన కెమెరా బిగిస్తే ఎవరింట్లో వాళ్లు కూర్చుని చూడొచ్చట. మేస్త్రి ఎక్కాడు, బిగించాడు. ఖాళీ గూటికి మూరెడు ఎత్తున, అలవాటుగా, చక్కటి లూపు వదిలి, దాన్ని తనకే చెల్లిన ముడితో బిగించి దిగాడు. దిగాక మోకాళ్లు చేతులెత్తేశాయి. ఇక మెట్లు కూడా లెక్కపెట్టుకుని ఎక్కమన్నాడు డాక్టరు. అదే ఆయన ఆఖరి పని.

అప్పట్నుంచి ముందుగదిలో టీవీకి వేరే పని లేదు. వసంతంలో కొంగలొచ్చాయి. నల్లటి ఒళ్లు, తెల్లటి పొట్ట, కాళ్లూ ముక్కూ ఎర్రెర్రగా! నాలుగు గుడ్లు, నాలుగు పిల్లలు. కొంగ నల్లనిదైనా పిల్లలు మాత్రం తెల్లటి దూది ఉండలు. అన్నిటికన్నా చిన్నదానికి మేస్త్రి 'ఆఖరోడు' అని పేరు పెట్టాడు. మొదట్లో వెక్కిరించిన భార్య కూడా వారం తిరిగేసరికి కూరలు టీవీ ముందు కూర్చునే తరగడం మొదలెట్టింది.

ఒక్కటే మేస్త్రికి మింగుడుపడలేదు. టీవీలో బొమ్మ ముప్పై సెకన్లు ఆలస్యంగా వస్తుందని ఆఫీసరమ్మ చెప్పింది.

"నేను లాగిన వైరులో ఆలస్యమా!" అని ఆయన ఇంతెత్తున లేచాడు.

"మీ వైరుది తప్పేం లేదు మేస్త్రిగారూ. మా ఆఫీసు కంప్యూటర్లన్నీ తిరిగి రావాలి కదా," అని ఆవిడ నవ్వింది. ఆఫీసులన్నాక ఆలస్యం మామూలేనని మేస్త్రి శాంతించాడు.

ఇంతకీ మేస్త్రి కొలిచింది పాత గూడు. ఆ కొంగలేమో ఏటా పాత గూటి మీదే కొత్త పుల్లలు పేర్చుకుంటాయి. ఈ ఏడు మూరెడు లేపాయి. లూపు వచ్చి గూట్లో పడింది, దాని మీద అవి నాచు కప్పేశాయి. ఇంత జరిగినా మేస్త్రి గమనించనేలేదు. పిల్లల్ని చూసే మురిపెంలో వైరెవరు చూస్తారు!

ఓరోజు పొద్దున తల్లి కొంగ వచ్చి గూట్లో చేపలు కక్కింది. మూడు పిల్లలు ఎగబడ్డాయి. ఆఖరోడు ముందుకు రాబోయి, ఎవరో వెనక్కి లాగినట్టు బోర్లా పడ్డాడు. మళ్లీ లేచాడు, మళ్లీ పడ్డాడు. మేస్త్రి టీవీ దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించి చూశాడు. నాచులోంచి నల్లటి వైరు, అందులో ఇరుక్కున్న కాలు. ఆ ముడి తనది. ఎక్కడున్నా పోల్చుకోగలడు.

"ఏమండీ, ఏమైంది?" అని భార్య కుదిపింది. మేస్త్రి వేలితో ఆ కాలు చూపించాడు. వెనకాల కూతురు నిలబడి ఉంది, పనికి బయల్దేరుతూ. ఆమె కూడా చూసింది. 'చూశావా నాన్నా, నీ లూపు!' అంటుందని మేస్త్రి భుజాలు ముడుచుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

ఆఫీసరమ్మకు ఫోన్ చేస్తే ఇంకో పిడుగు. చెట్టెక్కే మనిషి దూరపు అడవిలో ఉన్నాడు, రావడానికి నాలుగు రోజులు పడుతుంది. పిల్లల వయసు మాత్రం అనుకూలమేనట, మనిషి దగ్గరికెళితే కదలకుండా నక్కి పడుకుంటాయట. ఇంకో పది రోజులైతే బెదిరి దూకేస్తాయట.

"నాలుగు రోజులు తిండి లేకపోతే ఆఖరోడు బతుకుతాడా అమ్మా?"



"నేనెక్కుతా," అని మేస్త్రి లేచాడు. అటక మీద తాళ్ల సంచీ ఉండాలి. చూస్తే, అది భార్య పీట కింద ఉంది. ఆవిడ దాని మీద కదలకుండా కూర్చుంది.

"ముందు నన్ను ఎత్తండి, తర్వాత చెట్టెక్కుదురుగాని."

అప్పుడు కూతురు జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "రేపు పొద్దున నేనెక్కుతా. ఆఫీసరమ్మకు చెప్పు నాన్నా."

నాలుగేళ్లలో మొదటిసారి మేస్త్రి ఆ కార్డు చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, అటూ ఇటూ తిప్పి చదివాడు. ఫోటోలో పిల్ల నవ్వడం లేదు. తనలాగే బొమముడితో ఉంది.

మర్నాడు పొద్దున పదింటికి ఆఫీసరమ్మ చెట్టు కింద, కూతురు చెట్టు మీద, మేస్త్రి టీవీ ముందు. చెవి దగ్గర ఫోన్. దాంట్లో కూతురి రొప్పు వినిపిస్తోంది, టీవీలో ఇంకా ఎవరూ లేరు. ఆయన కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు. ఆ ముడి లాగితే బిగుస్తుంది. వైరుని లోపలికి తోస్తే వదులవుతుంది. అదొక్కటీ సమయానికి చెప్పాలి.

కొంగ ఎగిరిపోయింది. పిల్లలు నాలుగూ గూటికి అతుక్కుపోయాయి. అంచు మీద చెయ్యి కనిపించింది, ఆ తర్వాత హెల్మెట్. చెయ్యి నాచు పక్కకు తీసింది. వైరు పట్టుకుంది.

"లాగకే! లాగకు! లోపలికి తొయ్యి! తల్లీ, లోపలికి!" వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు.

"అబ్బా, చెవి పోయింది నాన్నా! ఎప్పుడో తోసేశా. కాలు బయటికొచ్చేసింది. విరగలేదు, కొంచెం వాచింది, అంతే."

"అబద్ధం! నేను చూస్తున్నాగా, ఇంకా ఇరుక్కునే ఉంది!"

"నువ్వు చూసేది పాతది నాన్నా!"

ముప్పై సెకన్లు! భయంలో పూర్తిగా మర్చిపోయాడు. టీవీలో ఆఖరోడి కాలు ఇంకా వైరులోనే ఉంది. ఫోన్‌లో మాత్రం బయటపడిపోయింది. మేస్త్రి సోఫాలో కూలబడ్డాడు. ప్రాణం లేచొచ్చింది. ఎలా ముగుస్తుందో ముందే తెలిసి కష్టాన్ని చూడటం ఆయన జీవితంలో ఇదే మొదలు.

"నేను చెప్పకముందే తొయ్యాలని నీకెలా తెలుసే?"

"చిన్నప్పుడు నా బూట్లకి కూడా నువ్వు ఆ ముడే వేసేవాడివి. బళ్లో విప్పుకోలేక ఏడ్చి ఏడ్చి నేర్చుకున్నా."

టీవీలో ఇప్పుడు బొటనవేలు వైరుని మెల్లగా లోపలికి తోసింది. కాలు బయటికొచ్చింది. తెలిసిన సంగతే అయినా మేస్త్రికి కళ్లు చెమ్మగిల్లాయి. "అంతా విన్నారుగా, మళ్లీ ఆ ఏడుపెందుకు?" అంటూ భార్య తనూ కొంగుతో కళ్లొత్తుకుంది.

వైరుని ఇప్పుడు కత్తిరించి పారేస్తుందని అనుకున్నాడు. ఆమె దాన్ని గూట్లోంచి పూర్తిగా తీసి, కొమ్మ వెనక్కి తిప్పి, కొంగలకు అందని చోట, అడుగున బిగించింది. బిగించే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కొలిచినట్టు జానెడున్నర వదిలింది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, గీరుకుపోయిన మోచేతులు కడుక్కుని టీవీ ముందు నిలబడింది. అప్పుడే కొంగ వచ్చి చేపలు కక్కింది. మూడు ముక్కులు ఎగబడ్డాయి. నాలుగోది కుంటుకుంటూ వచ్చి, అన్నలిద్దరి మధ్యలోంచి దూరి, ఉన్నవాటిలో పెద్ద చేప లాక్కుంది. ఇంట్లో ముగ్గురూ ఒక్కసారే "హమ్మయ్య!" అన్నారు.

"పాము పాము అనేదానివి. మరి లూపెందుకు వదిలావే?" అన్నాడు మేస్త్రి, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

"వచ్చే ఏడు గూడు ఇంకా పైకి లేస్తుందటగా. కెమెరా పైకి జరపాలి. ఎక్కేది నేనేగా నాన్నా. వైరు చాలొద్దూ?"

మేస్త్రి పక్కకు జరిగి, సోఫాలో ఆమెకు చోటిచ్చాడు.