కనకవల్లి ఉలి

పట్నంలోని చూలై పేటలో కనకవల్లి ఇడ్లీ తిని వంక పెట్టినవాడు లేడు. ఎవడైనా పెట్టాడంటే వాడి నాలుకకే ఏదో జబ్బనుకోవాలి. తెల్లగా పొంగి, వేలితో నొక్కితే మళ్లీ లేచి కూర్చునే ఇడ్లీ అది. పక్క వాటాలవాళ్లు ఇంటికి కొత్త అల్లుడు వస్తున్నాడంటే పప్పూ బియ్యం నానబోసి ఆవిడ దగ్గరికే పట్టుకొచ్చేవారు. ఆవిడ మాత్రం గొప్పంతా వంటింటి మూలనున్న రుబ్బురోలుదే అనేది. అది అత్తగారు చెంగమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో పల్లావరం నుంచి ఎడ్లబండి మీద తెప్పించుకున్న రోలు.

యాభై నాలుగులో, ఆయుధపూజ ఇంకా నెలన్నర ఉందనగా, ఆ రోలు మొరాయించింది.

రోలు మొరాయించడమేమిటని అడుగుతారు. చెప్తాను. రుబ్బగా రుబ్బగా రాయి నున్నబడిపోతుంది. అప్పుడు పిండి జారుతుందే గానీ నలగదు. ఆరు నెలలకోసారి ఉలితో సన్నగా గాట్లు పెట్టించాలి. "అమ్మి కొత్తలియో!" అని, అంటే సన్నికల్లుకూ రోలుకూ గాట్లు పెడతానని, అరవంలో అరుచుకుంటూ వచ్చే కుప్పుసామి ఇరవై ఏళ్లుగా ఆ పని చేసేవాడు. ఆ ఏడు అతను జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మరెవరో వచ్చి పైపైన నాలుగు దెబ్బలు వేసి పోయాడు. వారం తిరక్కుండా రాయి మళ్లీ నున్నన.

ఇడ్లీలు గట్టిబడ్డాయి. తక్కినవాళ్లకు అది సణుగుడుతో పోయే సంగతే. కానీ చెంగమ్మకు డెబ్బై దాటాయి, నోట్లో ఒక్క పన్ను లేదు. పొద్దున రెండు ఇడ్లీలు, మాపటికి రెండు, కందిపప్పు వేయించి మెత్తగా రుబ్బిన పచ్చడి, అదే ఆవిడ ప్రాణాధారం. ఇప్పుడు సగం ఇడ్లీ చిదిమి పళ్లెం పక్కకు నెట్టేస్తోంది.

"ఆకలి గాలేదు లేవే," అనేది.

గంజి కాచి ఇస్తే రెండు గుక్కలు తాగి పెట్టేసేది. చేతి గాజులు మోచేతిదాకా జారడం చూసి కనకవల్లికి, ఇట్లాగే ఇంకో నెల గడిస్తే ముసలిది దక్కదని భయం పట్టుకుంది.

ఆవిడ మొగుడు యతిరాజులు పెరంబూరు రైలు వర్క్‌షాపులో ఫిట్టరు. "ఇంజన్లకే బోల్టులు బిగించేవోణ్ణి, నాకీ రాయి ఒక లెక్కా?" అని ఆదివారం నాడు పెట్టె తెరిచి కూర్చున్నాడు. ఇనుము కోసే ఉలి పెట్టి, ఇనుమును కొట్టినట్టే కొట్టాడు. అరగంటలో ఉలి మొన వంగిపోయింది, రోలు అంచున వక్కంత పెచ్చు ఊడిపోయింది.

"ఈ రాయికి బుద్ధి లేదు," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"రాయికా?" అంది కనకవల్లి. అంతకంటే ఏమీ అనలేదు, పాపం, మంచిది గనక.

ఆ సాయంత్రమే అత్తగారి ముందు నిలబడింది. "అత్తా, కుప్పుసామి కాడికి పోయి నేనే నేర్చుకుంటా."

చెంగమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఆడది రాయికి ఉలి పెట్టేదా? యాడన్నా ఉండాదా? నలుగురూ నవ్వరా? నేను పస్తయినా ఉంటా గానీ దీనికి ఒప్పుకోను!"

"మీరు పస్తుంటే నేను ఒప్పుకోను," అంది కనకవల్లి. అత్తగారికి ఎదురు చెప్పడం ఆవిడ పదిహేనేళ్ల కాపురంలో అదే మొదలు.

మర్నాడు ఒక గిన్నెలో మిరియాల చారు, ఇంత అన్నం పట్టుకొని వ్యాసర్పాడిలో కుప్పుసామి గుడిసెకు వెళ్లింది. అతను ముందు నవ్వాడు. ఆవిడ నవ్వకపోవడం చూసి మానేశాడు. పగిలిన సన్నికల్లు ముక్క ఒకటి ముందు పెట్టి, చేతికి ఉలీ సుత్తీ ఇచ్చాడు.

"కొట్టొద్దమ్మా. సుత్తి దానంతట అది పడాల. నువ్వు ఊరికే పట్టుకో, అంతే. రాయి కణకణమంటే సరిగా పోతా ఉండాదని. డబ్బుమనిందా, లోతుకు దిగినట్టు."

నాలుగు రోజులు వెళ్లింది. నాలుగో రోజు ఆమె పెట్టిన గాట్లను ఎడమచేత్తో తడిమి చూసి, ఆ పొట్టి ఉలిని కొంగులో పెట్టాడు. "నా చెయ్యి ఇంక సరిగా రాదమ్మా. ఇది నీకాడే ఉండనీ," అన్నాడు. ఇంటికొచ్చేదాకా ఆవిడ దాన్ని గుండెకు హత్తుకునే నడిచింది.

మొగుడి సుత్తి తీసుకుని మూడు మధ్యాహ్నాలు రోలు ముందు కూర్చుంది. రెప్పల మీద రాతిపొడి, భుజం వాపు. చెంగమ్మ అటు తిరిగి పడుకుందే గానీ, కణకణమనే శబ్దం కాసేపు ఆగితే తల ఎత్తి చూసేది.

గాట్లు పెట్టగానే పని అయిపోలేదు. రాతి నలకలు పోవాలి. తవుడు వేసి రుబ్బి పారబోసింది. రాళ్ల ఉప్పు వేసి రుబ్బి కడిగింది. నానిన నూక రుబ్బి అదీ పారబోసింది.

"చాల్లే," అన్నాడు యతిరాజులు.

కనకవల్లి తడివేలు రాయి మీద రాసి, నాలుక మీద పెట్టుకుంది. "ఇంకా ఉండాది. అత్తకు పళ్లు లేవు, చిగుళ్లకు గుచ్చుకుంటది." మళ్లీ మొదటినుంచి తవుడు, ఉప్పు, నూక. అలా మూడుసార్లు చేశాకే మినప్పప్పు నానబోసింది.

మర్నాడు పొద్దున పొగలు కక్కుతున్న రెండు ఇడ్లీలు అత్తగారి ముందు పెట్టి, తలుపు పక్కన నిలబడింది. చెంగమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నలక కోసం నాలుకతో అటూ ఇటూ తిప్పింది. మింగింది. రెండూ అయిపోయాయి.

"ఇంకొకటి ఉండాదా?" అంది.

కనకవల్లి వంటింట్లోకి పరుగెత్తి, ముందు కళ్లు తుడుచుకుని, తర్వాత ఇడ్లీ తెచ్చింది. ఉలి ఊసు మాత్రం చెంగమ్మ ఎత్తలేదు. గాజులు మళ్లీ మణికట్టు దగ్గరికి వచ్చాయి, అయినా ఎత్తలేదు.

ఆయుధపూజ వచ్చింది. యతిరాజులు సుత్తీ స్పానర్లూ తోమి, పీట మీద పేర్చి గంధం పెడుతున్నాడు. కనకవల్లి తన ఉలిని ఉప్పుజాడీ వెనకే ఉంచేసింది. పీట మీద పెట్టమని అడగడానికి నోరు రాలేదు. అప్పుడు చెంగమ్మ గోడ పట్టుకొని వచ్చింది.

"ఆ ఉలి యాడరా?"

"ఏ ఉలి, అమా?"

"నా కోడలిది."

తెప్పించి, తన చీర చెంగుతో తుడిచి, గంధం కుంకుమా తనే పెట్టింది. కొడుకు సుత్తిని పక్కకు జరిపి, పీట మధ్యలో ఉంచింది.

అంతలో ఎదురు వాటా మునియక్క గుమ్మం దగ్గరికొచ్చింది. "కనకా, మా రోలు నున్నబడిపోయింది మే. కొంచెం వచ్చి నాలుగు దెబ్బలు వేసి పోతావా?"

కనకవల్లి నోరు తెరిచేలోపల చెంగమ్మ గుమ్మంలో నిటారుగా నిలబడి, అన్ని వాటాలకూ వినబడేట్టు గొంతెత్తింది.

"ఈ పొద్దు మా కోడలి ఆయుధానికి పూజ. ముట్టుకోగూడదు. రేపు రాపో!"