సార్ కళ్ళకు కనిపించే వాపు

ల్యాబులో అందరూ ఆమెను ఎలుకల అక్క అనేవాళ్ళు. ఆ పేరంటే ఆమెకు చిరాకేమీ లేదు. ఎలుకలు నయం, పక్కవాడి మెప్పు కోసం అబద్ధమాడవు. ఆమెకు ఒళ్ళు మండేది ల్యాబు నడిపే సార్‌ని చూస్తేనే.

సార్ పేరు మోగిపోయింది ఒక ప్రొటీన్ వల్ల. ఒక బ్యాక్టీరియా ఆ ప్రొటీన్‌ని తయారుచేసుకుని, ఒంట్లోని రోగనిరోధక శక్తిని జోకొట్టి, రక్తంలో దర్జాగా తిరుగుతుంది. ఆ జన్యువును కత్తిరించేస్తే బ్యాక్టీరియా రక్తంలో బతకదు. ఇంతవరకూ నిజమే. ఆ కత్తిరింపు చేసింది ఎలుకల అక్కే. అక్కడితో ఊరుకుంటే ఆయన సార్ ఎందుకవుతాడు? ఆ ప్రొటీన్ కీళ్ళవాపుని కూడా తగ్గించి తీరాలన్నాడు. ఎలుకలకు కీళ్ళవాపు తెప్పించి, సగం పెట్టెల్లోని ఎలుకలకు ప్రొటీన్, మిగతా సగం పెట్టెల్లోని వాటికి ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కించమన్నాడు. వాపు తగ్గిపోయిందని గొప్పలు కోస్తూ సభలన్నీ తిరిగాడు.

వాపు చూసేది మాత్రం ఆయనే. పాదం చూసి, వాపు లేకపోతే సున్నా, బాగా వాచిపోతే నాలుగు, ఇలా మార్కు వేయాలి. ఏ పెట్టెలో ఏం ఎక్కించారో తెలియని మనిషి వేయాల్సిన మార్కు అది. సార్ ముందు పెట్టెకున్న చీటీ చదివేవాడు, తర్వాత తీరిగ్గా ఎలుకను చూసేవాడు.

"చీటీలు కప్పేద్దాం సార్" అని ఆమె ఎన్నిసార్లో అంది.

"నా చూపు మీదే అనుమానమా నీకు?" అని కసిరేవాడు. చుట్టూ ఉన్న విద్యార్థులు గంగిరెద్దుల్లా తలలూపేవాళ్ళు. వెన్నెముక లేని జాతి గురించి చదవడానికి వాళ్ళకు వేరే పుస్తకం అక్కర్లేదు.

ఇదంతా ఆమె దిగమింగుకునేదే. కానీ సార్ ఆమె తల్లి జోలికి వచ్చాడు. కూతురితో ఒకరోజు ల్యాబుకి వచ్చిన ఆ పెద్దావిడ వాచిన వేళ్ళు చూసి, "త్వరలో మనుషుల మీద పరీక్ష పెడుతున్నామమ్మా. మొదటి పేరు మీదే. ఇప్పుడు వాడే మాత్రలు మానేయండి" అన్నాడు. ఆవిడ మానేసింది. నెల తిరిగేసరికి దువ్వెన కూడా పట్టుకోలేకపోయింది.

"మాత్రలు వేసుకోమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని తల దువ్వుతూ కూతురు బతిమాలేది.

"నోర్ముయ్యవే. అంత పెద్దాయన ఊరికే చెప్తాడా? నీకంటే తెలియనివాడా?"

ఆ వేళ్ళను చూస్తే ఆమెకు ఏడుపొచ్చేది. సార్ తలపుకొస్తే ఏడుపు ఎగిరిపోయి అసహ్యం మిగిలేది. తన మాట అమ్మ చెవికెక్కదు. ఎక్కాలంటే సార్ నోటితోనే ఎక్కాలి.

మళ్ళీ మార్కులు వేసే రోజు ఆమె ముందే వచ్చి చీటీలన్నీ తారుమారు చేసేసింది. సార్ రాగానే తల్లికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి బల్లమీద ఉంచింది.

"అమ్మ వింటానంటోంది సార్. మీ మాట వింటే ఆవిడకు ధైర్యం."

సార్ ఛాతీ రెండింతలైంది. "వినండమ్మా! ఇవి మన మందు పడినవి. దీనికి సున్నా. దీనికి ఒకటి. ఎంచక్కా పరిగెడుతున్నాయి! ఇక ఇవి పడనివి. దీనికి నాలుగు. పాపం, కాలు కింద పెట్టలేకపోతోంది." విద్యార్థులు కూడా ఆ ఎలుక మీద తెగ జాలిపడ్డారు.

ఆఖరి మార్కు పడేదాకా ఆగి ఆమె చెప్పింది. "పొద్దున చీటీలన్నీ అటూ ఇటూ మార్చేశాను సార్."

సార్ ముఖం మాడిపోయింది. సిగ్గుపడ్డాడనుకుంటే పొరపాటే, అంత మంచి గుణం ఆయనకు లేదు. "బుద్ధుందా నీకు? ఏ పెట్టెలో మందు పడిందో ముందు చెప్పు!"

"మీరే చూసి చెప్పండి."

సార్ కళ్ళజోడు పెట్టుకుని ఒక ఎలుకను తీశాడు. పాదం తిప్పి చూశాడు. దాన్ని వదిలి ఇంకోదాన్ని తీశాడు. తల ఎటు ఊపాలో తెలియక విద్యార్థులు నేల చూపులు చూశారు.

"ఒసే" అని బల్లమీది ఫోన్‌లోంచి తల్లి పిలిచింది. "నా మాత్రలు ఎక్కడ పెట్టావే?"