నాలుగో ఆకు

పెద్దల పండగ ముందురోజు ఎలక్ట్రానిక్ సిటీలో పని ముగించుకుని చిక్కపేటలో మెట్రో దిగితే, మెట్ల పక్కన నీళ్లు చల్లి పెట్టిన అరటాకుల కట్టల పచ్చి వాసన గుప్పుమంటుంది. అందరూ బేరాలాడుతుంటారు. నేను అటు చూడకుండా దాటేస్తాను.

మా ఇల్లు ఆ వెనక సందులోనే ఉండేది. ముసురు పట్టిన ఆ రోజుల్లో అలసందవడలు కాలే వాసన, కొబ్బరి తురిమే చప్పుడు ఇల్లంతా నిండిపోయేవి. పోయినవాళ్లకు మనిషికొక ఆకు వేసి, వాళ్లకిష్టమైనవన్నీ వడ్డించి, పక్కన కొత్తబట్టలు పెట్టి, వాళ్లు నెమ్మదిగా తినాలని తలుపు దగ్గరగా వేసి మేమంతా బయట నిలబడేవాళ్లం. ఆకులు తుడిచే పని మా అవ్వది. చూపు ఆనకపోయినా వేళ్లతో తడిమి చిరుగులు కనిపెట్టేది.

నా పదో ఏట మా చిన్నాయన, నాన్న తమ్ముడు, మన సైన్యంతో శ్రీలంక వెళ్లి అక్కడి పోరులో చనిపోయాడు. ఇరవై రెండేళ్లవాడు. శవం రాలేదు, టెలిగ్రాం వచ్చింది. అవ్వది బలహీనమైన గుండె, చెప్పొద్దనుకున్నారు. కానీ ఆమె కొడుకు జాబు కోసం రోజూ అడిగేది. నాన్న నా చేతికొక తెల్లకాగితం ఇచ్చి, "నువ్వు చదువమ్మణ్ణీ, నీ గొంతు వణకదు" అన్నాడు.

నిజంగానే వణకలేదు. పైగా నాకు సరదా పుట్టింది. సముద్రం ఒడ్డున క్రికెట్ ఆడుతున్నాననీ, కొబ్బరినీళ్లు తాగి లావెక్కాననీ, నీ చేతి ముద్ద లేక నోరు చచ్చిందనీ చదివేదాన్ని. అవ్వ మురిసిపోయి నా చేతిలో చక్కిలం పెట్టేది. ఒక్కోసారి ఆ చక్కిలం కోసమే ఇంకో జాబు వచ్చిందని చెప్పేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ ఏడు పండక్కి అమ్మ మనసు ఆగలేదు. మరిది పస్తుంటాడని ఇంకో ఆకు తెప్పించి, పరధ్యానంలో అన్నీ కలిపి అవ్వ ముందు పెట్టేసింది. మా తాతకొకటి, ఆయన తల్లిదండ్రులకు రెండు. అవ్వ చెయ్యి నాలుగోదాని మీద ఆగింది.

"మూడే కదా మనకుండేది. ఇది ఎవురికప్పా?"

అమ్మ భోరుమంది. అవ్వ ఏడవలేదు. ఆ ఆకు కూడా శుభ్రంగా తుడిచి పెట్టి, నన్ను పిలిచింది.

"మొన్న వచ్చిన జాబు చదువు."

నేను వెక్కసాగాను.

"వణకద్దు. ఇన్నాళ్లూ బాగనే చదివితివి కదా. మొదట్నుంచి చదువు."

చనిపోయేదాకా, రెండేళ్లు, రోజూ దీపాలవేళ అందరి ముందూ నాచేత చదివించింది. గొంతు తడబడితే మళ్లీ మొదటికి. నాన్న ఆమె కాళ్లు పట్టుకున్నా వినలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, చీరల గోదాము లేచింది. వడలు కొనుక్కొస్తున్నాం. పోయినేడు నా కూతురు, "చిన్నతాత ఎట్లా మాట్లాడేవాడు?" అని అడిగింది. నన్ను భుజాన ఎక్కించుకుని పేటంతా తిప్పినవాడు, ఎన్ని కబుర్లు చెప్పి ఉంటాడు! ఎంత తలుచుకున్నా సముద్రం, క్రికెట్, కొబ్బరినీళ్లే గుర్తొచ్చాయి. అవన్నీ నేనన్న మాటలు. ఆయనది ఒక్క మాట మిగల్లేదు.