ఒక్క ఏడాది మొక్కు

మా ఇంట్లో పుట్టింటికి పోతానంటే ఆవుల్ని ఎవరు పిండాలంటారు. జ్వరమంటే మాత్ర వేసుకుని పడుకో అంటారు, ఆ పడుకోవడం కూడా పాలు పిండాకే. మొక్కు ఉందంటే మాత్రం ఒక్కరూ నోరెత్తరు. ఈ సంగతి నాకు పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు తట్టింది. నాదీ ఒక బుర్రే.

మా ఊరు మండికల్లో మాకు మూడు సీమావులు. పొద్దున ఒకసారి, సాయంత్రం అయిదున్నరకు ఒకసారి పాలు పిండి డైరీకి పోయాలి. మా ఆయన చెయ్యి తగిలితే తంతాయి కాబట్టి ఆ పని నాదే. వాటికి ఆదివారం లేదు, పండగ లేదు, నాకూ లేదు. పోయిన చలికాలానికి ఎంత అలసిపోయానంటే, పేడ ఎత్తుతూ గంప పక్కన కూర్చున్నదాన్ని, ఎందుకు కూర్చున్నానో గుర్తురాక అలాగే ఉండిపోయాను. నాకు కావలసింది ఒక్క పగలు. ఎవరూ పిలవని ఒక్క పగలు.

అన్నాల దగ్గర చెప్పేశాను. పెద్దావుకు జబ్బు చేసినప్పుడు నంది ఊరి పక్కనున్న కొండెక్కి దీపం పెడతానని మొక్కుకున్నానని. పచ్చి అబద్ధం.

"సరే, బండిమీద నేను దింపుతాలే," అన్నాడు మా ఆయన.

"ఒక్కదాన్నే పోతానని మొక్కినా. ఫోను కూడా ఎత్తకూడదు."

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాక, అనపకాయలు ఒలుస్తున్న మా అత్త తలెత్తింది. "ఎన్నేండ్లు మొక్కినావు?"

మరీ ఆశపడితే దొరికిపోతానేమోనని భయమేసింది. "ఈ ఒక్కేడేలే అత్తా," అన్నాను.

"ఒక్కేడా," అంది. మళ్ళీ కాయల్లో పడింది.

మర్నాడు పొద్దున పాలు పోసి, చిక్కబళ్ళాపురంలో బస్సు మారి, నందిలో దిగాను. కొండ మొదట్లో దోసకాయలమ్మే ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఒక్కదానివే ఎక్కుతాండావే అమ్మా. మొక్కా?"

"మొక్కే అప్పా," అన్నాను. రెండోసారికి నోరు అలవాటు పడింది.

సగం దూరం ఎక్కేసరికి మోకాళ్ళు మొరాయించాయి. ఇరవై అడుగులకోసారి కూర్చోవడం, లేవడం. మంచు ఇంకా విడవలేదు, కింద ఊరు కనబడటం లేదు. విశ్రాంతి కోసం కొండెక్కే మొద్దు ఎక్కడైనా ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అబద్ధం ఆడేదాన్ని చదును నేలమీదున్న గుడి పేరు చెప్పుకోకూడదా?

పైన దారి పక్కన ఎవరెవరో మూడేసి, నాలుగేసి రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టారు. అలా పేరిస్తే సొంతిల్లు కడతారని నమ్మకం. నేను పేర్చలేదు. ఇంకో ఇల్లెందుకు, ఊడ్చడానికా?

చిన్న గుడి. మొక్కు అబద్ధమైనా దీపం నిజంగానే పెట్టాను, దేవుడితో గొడవెందుకని. గుడి వెనక పెద్ద బండ ఉంది, దాని కింద నీడ. తెచ్చుకున్న రాగిముద్ద తిని, కాసేపు నడుం వాలుద్దామని కొంగు పరుచుకున్నాను. ఏమే అని పిలిచేవాళ్ళు లేరు. అంతే, ఒళ్ళు తెలియలేదు.

లేచేసరికి ముఖం మీద ఎండ పడుతోంది. ఫోను చూస్తే నాలుగున్నర. పరుగులాంటి నడకతో దిగాను. ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది. ఇల్లు చేరేసరికి ఏడు.

కొట్టంలో ఆవులు నెమరేస్తున్నాయి. పాలు డైరీకి వెళ్ళిపోయాయి. పిండింది మా అత్త. వేళ్ళు వంకర్లు పోయి రెండేళ్ళుగా పొదుగు ముట్టని మనిషి. వేడినీళ్ళ గిన్నెలో రెండు చేతులూ ముంచి పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నా మనసు చివుక్కుమంది. ఆ పెద్దామెను ఇంత కష్టపెట్టి నేను నిద్రపోయి వచ్చాను. ఇక జన్మలో ఇలాంటి పని చేయకూడదనుకున్నాను.

"మొక్కు తీరినట్లేనా? ఇంక అయిపోయిందా?" అన్నాడు మా ఆయన, ఖాళీ క్యాను బోర్లిస్తూ.

అవునని నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "యాడ అయిపాయ? మూడేండ్లు మొక్కిందంట. నాకు చెప్పింది."

ఆయన తలూపి బయటికి వెళ్ళాడు.

"గుడి వెనక బండకింద ఇంకా సల్లగానే ఉండాదా?" అంది అత్త, నీళ్ళలోంచి చేతులు తీయకుండానే.

"ఉండాది అత్తా."

"నేనూ నీ మాదిరే ఒక్కేడు అని చెప్పి తప్పు చేస్తి," అంది. "మళ్ళ పోనే లేదు."