సైకిలుకు తలంటు

నా చేతికి ఆముదం గిన్నె ఇస్తే ఎంత ఉపద్రవం జరుగుతుందో పెనుకొండ దారికి బాగా తెలుసు. మీకూ చెబుతాను. దేవుడి దయవల్ల ఎముకలన్నీ ఉన్నచోటనే ఉన్నాయి కాబట్టి నిశ్చింతగా నవ్వుకోండి.

తొంభైల్లో మాట. మాది హిందూపురం. బడికి పోకుండా నాయన దగ్గరే అక్షరాలు దిద్దుకున్న నాకు వీధి మలుపు అవతలి లోకం చూపించింది ఒక పాత సైకిల్. ధర్మవరంలో పట్టునూలు మోసుకోవడానికి మా మామ దాన్ని అడిగాడు. బావమరిదికి కాదని చెప్పడం మా నాయనకు చేతకాదు. ఆదివారం పెనుకొండ ఆంజనేయస్వామి గుడి దగ్గర అప్పగించాలని మాటైపోయింది.

"ఆడిదాకా నేనే తొక్కుకుంటా వస్తా నాయనా," అని ఏడ్చాను.

"నలభై కిలోమీటర్లు పాపా! సరేలే, నా సైకిల్లో నేనూ ఎనకాలే వస్తా."

ఆడపిల్లను అత్తారింటికి పంపే రోజు మనం ఏం చేస్తాం? తలంటు పోస్తాం. నేనూ అదే చేశాను. తెల్లవారకముందే నా తలంటు ముగించి, సైకిల్‌ను పెరట్లో నిలబెట్టి ఆముదం పట్టించాను. చైనుకు, చువ్వలకు, చక్రాల అంచులకు, అన్నిటికీ. బ్రేకు రబ్బర్లు ఎండిన పెదవుల్లా కనిపిస్తే జాలేసి వాటికి రెండోసారి పూశాను. శీకాయతో రుద్దితే తుప్పు పడుతుందేమోనని అదొక్కటి మానేశాను. ఎంత ముందుచూపో చూడండి! చివరికి పసుపు, కుంకుమ, హ్యాండిలుకు కనకాంబరాలు.

"పెండ్లికూతురు మాదిరి ఉండాది!" అని అవ్వ దిష్టి తీసింది.

ఖాళీ రోడ్డు, చదును దారి. సైకిల్ వెన్న మీద జారినట్టు సాగింది. పెనుకొండ ముందర పల్లం వచ్చేదాకా బ్రేకుతో నాకు పని పడలేదు. పడ్డాక దానికి నాతో పని లేకపోయింది.

"బ్రేకెయ్యే!" వెనక నుంచి నాయన కేక.

"ఏస్తాండా నాయనా! అది ఇంటే గదా!"

రోజూ స్తోత్రాలు గడగడా చదివే నోటికి "సామీ!" అనే ఒక్క మాటే మిగిలింది. ఆ స్వామే పంపినట్టు రోడ్డు పక్కన ఎండిన వేరుశెనగ మొక్కలు పేర్చిన కట్టె వామి ఎదురొచ్చి, నన్నూ సైకిల్‌నూ కలిపి మింగేసింది. వామి దగ్గరున్న ముసలామె నా కాలు పట్టి బయటికి లాగింది.

"యా ఊరు పాపా నీది? పోయి పోయి మా ఎద్దుల మేతలో పడినావే!"

నాయన పరుగున వచ్చి ముందు నన్ను తడిమాడు, తరువాత చక్రాన్ని తడిమాడు.

"ఇదేందే, ఈ జిడ్డు?"

"తలంటు నాయనా."

ఆయన అక్కడే కూలబడి కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వాడు.

మిగిలిన దారంతా సైకిళ్లు తోసుకుంటూ నడిచాం. గుడి ముందు మామ కొత్త తెల్లపంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మామా, బ్రేకులు..."

"నాకే నేర్పిస్తాండావా? నువ్వు పుట్టకముందు నుంచి తొక్కుతాండా!"

ఎక్కాడు. కనకాంబరాలు ఊపుకుంటూ వీధి పల్లంలోకి దూసుకుపోయి, బర్రెలు పొర్లే బురదగుంటలో ఆగాడు. ఒక బర్రె పక్కకు జరిగి చోటిచ్చింది.

నల్లపంచెతో తిరిగొచ్చి, "బావా! ఈ దయ్యాన్ని మీ ఇంట్లోనే పెట్టుకోండి. నేను బస్సుకు పోతాండా," అన్నాడు.

గుడిలో నేను పెట్టినన్ని దండాలు ఆ రోజు ఇంకెవరూ పెట్టి ఉండరు. నా బిడ్డ అత్తారిల్లు చూడకుండానే పుట్టింటికి వచ్చేసింది.

అందుకే ఆంజనేయస్వామి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఏ సైకిలుకూ తలంటు పోయను. నా సైకిల్‌ను ఎవరైనా మళ్లీ అడిగితే తప్ప.