గెలవకూడని వాదం

దవాఖానలో చూసి ఇంటికి వచ్చానో లేదో, సార్ పోయారని ఆయన భార్య ఫోన్ చేశారు.

మహబూబాబాద్‌లో మాకు డిగ్రీలో చరిత్ర చెప్పారు. మంచి మనిషని రాయమంటే నావల్ల కాదు. ఆయన నోరు కత్తి. గార్ల దగ్గరి తండా నుంచి వచ్చిన నా తెలుగుకు క్లాసంతా నవ్వుతుంటే ఆపేవారు కాదు. ఆయనంటే భయం, కోపం. చదువంటే ఇష్టం కలిగింది కూడా ఆయన వల్లనే.

మధ్యయుగాల యూరప్‌లో యూదులను సభకు పిలిచి, క్రైస్తవ గురువులతో మతం మీద వాదించమనేవారట. తీర్పు చెప్పే రాజూ క్రైస్తవుడే. జవాబు చెప్పకపోతే తప్పు, గెలిస్తే ముప్పు. సార్ క్లాసులో మాతో అదే ఆడించేవారు. యూదుడి వేషం ఎప్పుడూ నాదే. బాగా వాదించిన రోజు బల్ల చరిచి, "గెలిచినవ్. మీ వాడ తగలవెట్టిండ్రు. కూసో," అనేవారు. ఏడుపొచ్చేది.

"మరి వాళ్లు ఊకున్నరా సార్?" అని ఒకసారి అడిగాను.

"ఎట్లూకుంటరు? తలుపులేసుకొని గా క్రైస్తవుల దేవుని కథలనే తిరగేసి చెప్పుకున్నరు. మహిమలన్ని గారడీలన్నరు. పచ్చి మాటలే. దెబ్బలు తిన్నోడు మర్యాదగ మాట్లాడుతడా?"

సార్‌కు ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. మండీలో మిర్చి వ్యాపారం చేసే ఆయన అన్న ఆ సంగతిని ఎన్నడూ క్షమించలేదు.

దశదినకర్మ నాడు మైకు ఆ అన్న చేతిలో ఉంది. "ఆఖరికి నా తమ్మునికి బుద్ధొచ్చింది. చేతులు జోడించి తీర్థం అడిగిండు. నేను పోస్తే తాగి కన్నుమూసిండు," అని కళ్లు తుడుచుకున్నాడు. పచ్చి అబద్ధం. ఆయన దవాఖానకు వచ్చిన పూట మంచం పక్కన నేనూ, మేడమూ ఉన్నాం. ఒళ్లు మండి లేవబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు బిడ్డా. ఇగ నేను బతకాల్సింది మా బావ ఇంట్లనే."

అంతలో ఆయనే నన్ను చూపించాడు. "గీ శిష్యురాలు గూడ ఆడనే ఉండె. చెప్పమ్మా, నేను అబద్ధమాడుతున్ననా?"

"లేదండీ, నిజమే," అన్నాను. జనం గోవిందా అన్నారు.

తర్వాత లోపలి గదిలో మేడమ్ పక్కన కూర్చున్నాను. ఆమె నా చెవి దగ్గరికి వంగారు.

"బలవంతంగ తీర్థం పోస్తే మీ సార్, మా బావ మీసాల మీదనే ఉమ్మిండు సూడు! మా పెండ్లయినప్పటికెల్లి ఆయనకు గంత గురి ఉన్నదని నాకు తెల్వదు."

ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకున్నాం. భుజాలు ఆగడం లేదు. గుమ్మంలోకి వచ్చిన చుట్టాలావిడ మమ్మల్ని చూసి తనూ కళ్లు తుడుచుకుని, "ఊకోండ్రి, పుణ్యాత్ముడు," అంటూ మేడమ్ వీపు నిమరసాగింది.